ముహూర్తం మీద రోజాపూలు

పోలీసు ప్రశ్న వేస్తే మా వైపు మనుషులకు నాలుక పిడచకట్టుకుపోతుంది. అదే మనిషిని "అప్పా, ఒక వస్తువు కొనాల, ఏది మంచిదో చెప్పు" అని అడిగి చూడండి, ఇంక ఆపడం మన తరం కాదు. ఈ ఒక్క కిటుకు పట్టుకునే నేను మదనపల్లెలో ఇన్నేళ్లుగా డిటెక్టివ్ పని చేసుకుని బతుకుతున్నాను. అందుకే ఆ రోజు పొద్దున్నే పుంగనూరు వెళ్లి, శివకుమార్ స్టూడియోలో కూర్చుని, హత్య మాట ఎత్తకుండా కెమెరా మాట ఎత్తాను.

గుమ్మం ముందు కుంకుమ పోసి పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ ముక్కలు ఇంకా తడిగానే ఉన్నాయి. అమావాస్య.

"కొనేది మాత్రం రేపు పెట్టుకోండమ్మా," అన్నాడు శివకుమార్ కుర్చీ తుడుస్తూ. "అమావాస్య దినం కొత్త వస్తువు కొనకూడదు. నేనైతే బేరం కూడా ఆడను. అంగడికి పోయి సూసేది కూడా సూడను."

"కొనను లేప్పా. తెలుసుకుందామని వచ్చినా. మా లాయర్ ఆఫీసులో కంప్యూటర్ పాతది. అందులో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఇంకా పాతది. దాన్ని మార్చనంటాడు ఆయన. దానికి కుదిరే కెమెరా ఏదో నువ్వే చెప్పాల."

ముప్పై అయిదేళ్లుంటాయి అతనికి. నుదుట కుంకుమబొట్టు, ఇస్త్రీ చొక్కా, మర్యాదైన మాట. చనిపోయిన రామమూర్తికి సొంత అక్క కొడుకు. రామమూర్తి వేరుశనగ వ్యాపారి. రెండు నెలల కిందట ఒక తెల్లవారుజామున తన మిల్లులోనే తల పగిలి పడి ఉన్నాడు. ఈ స్టూడియో ఉన్న కట్టడం ఆయనదే. దాన్ని బెంగళూరు వాళ్లకు అమ్మేస్తానని, మేనల్లుణ్ణి ఖాళీ చెయ్యమని ఆయన చెప్పిన వారానికే ఈ చావు జరిగింది. జైలుకు వెళ్లింది మాత్రం మేనల్లుడు కాదు, ఆయన డ్రైవర్ వెంకటరమణ. మిల్లు తాళంచెవి అతని దగ్గర ఉంది, ముందురోజు యజమానితో గొడవపడ్డాడు, శవాన్ని మొదట చూసిందీ అతనే. పోలీసులకు అంతకంటే ఏం కావాలి? రేపు పది గంటలకు చార్జిషీట్ కోర్టుకు పోతుంది.

వెంకటరమణ భార్య కృష్ణమ్మ నా దగ్గరికి వచ్చినప్పుడు, నా మొగుడు చీమను కూడా తొక్కడని చెప్పలేదు. "ఆయప్ప కోపిష్టి మేడం. ఆ దినం అరిచింది నిజమే. కానీ సంపింది ఆయప్ప కాదు," అంది. అబద్ధం చెప్పేవాళ్లు మొగుడి కోపాన్ని ముందు దాస్తారు. ఆ ఒక్క మాటకే నేను ఆమెను నమ్మాను.

శివకుమార్‌ను అనుమానించడానికి మాత్రం గట్టి అడ్డు ఉంది. మేనమామ చనిపోయిన వేళకు తను కుప్పంలో పెండ్లి వీడియో తీస్తున్నానని చెప్పి, ఆ వీడియో సీడీ తీసుకెళ్లి పోలీసులకిచ్చాడు. కుప్పం ఇక్కడికి బండి మీద రెండు గంటల దారి.

"మీది విండోస్ నైంటీ ఎయిటా?" అన్నాడు ముందుకు జరిగి.

"అదే."

"నాదీ అదే. అయితే బాగా ఇనండి." ఇంక మొదలుపెట్టాడు. "ఇప్పుడు బెంగళూరు అంగట్లో మీకు సీడీ కెమెరా సూపిస్తారు. లోపల అరిచేయంత కూడా లేని బిళ్ల ఉంటాది. ఇంట్లో టీవీకి తగిలించి సూసుకునేవాళ్లకు అది శానా బాగుంటాది. మన పాత సాఫ్ట్‌వేర్‌కు ఆ ఫైలు మొగమే తెలియదు. తలకిందులుగా తపస్సు చేసినా తీసుకోదు. హార్డ్‌డిస్క్ కెమెరా అంటారు, దాని జోలికే పోవద్దండి. టేపు కెమెరా కొనండి. కొనే ముందర పక్కన ఈ సన్న రంధ్రం ఉండాదా లేదా సూసుకోండి. ఈ వైరు పెట్టినారంటే టేపులో ఉండేది ఉండినట్లే కంప్యూటర్‌లోకి దిగుతాది."

"కొత్త కెమెరా కొని సాఫ్ట్‌వేరే మార్చుకుంటే?"

"అప్పుడు కంప్యూటర్ మార్చల్ల, లోపలి కార్డు మార్చల్ల, మళ్లీ పని నేర్చుకోవల్ల. ఎద్దు ఒక పక్క, బండి ఒక పక్క లాగితే కాడి ఇరిగిపోదా అమ్మా? కెమెరా కంప్యూటర్‌కు తగింది ఉండల్ల. మా వాళ్లలో శానా మంది కొత్తదని మోజుపడి కొనేసి ఏడుస్తా ఉండారు."

అతను చెప్పినదంతా నిజమే. అతని మీద నాకు ఒక్క క్షణం గౌరవం కూడా కలిగింది.

"నువ్వెప్పుడన్నా ఆ సీడీ కెమెరాతో పెండ్లి తీసినావా?"

"ఛ. చేత్తో కూడా పట్టుకోలేదు. నా పెండ్లిండ్లన్నీ దీంతోనే." పక్కనున్న పెద్ద టేపు కెమెరా వీపు తట్టాడు.

"ఏదీ, నీ పని ఒకటి సూపించు."

"కుప్పం పెండ్లి పెడతా. సీఐ గారికి కూడా దీని కాపీనే ఇచ్చినా."

సీఐ గారి ఊసు నేను ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్లు తనే ఎత్తాడు.

సీడీ తిరిగింది. మొదట రిసెప్షన్. మా వైపు పెండ్లి వీడియోలకు చేసే మిక్సింగ్ అంటే తెలిసిందే కదా, పెండ్లికూతురు హృదయంలోంచి పుడుతుంది, పెండ్లికొడుకు తామరపువ్వులోంచి లేస్తాడు, తెర నిండా రోజాపూలు ఎగురుతూ వచ్చి ఎగురుతూ పోతాయి. తర్వాత ముహూర్తం. ఇక్కడ కూడా రోజాపూలు వచ్చాయి. ఎడమ పక్క పైమూలన ఒక గుత్తి వచ్చి కూర్చుంది. జీలకర్ర బెల్లం అయింది, తాళి కట్టడం అయింది, తలంబ్రాలు పోసుకున్నారు. గుత్తి కదల్లేదు. భోజనాల దగ్గరికి వచ్చేసరికి మాయమైంది.

"ఆ పూలు బాగుండాయప్పా. తాళి కట్టేటప్పుడు కూడా తీయకుండా పెట్టినావే."

రిమోట్ మీద అతని వేలు ఆగింది. "ముహూర్తానికి ఒక అందం ఉండల్లని."

"అందరికీ అట్లనే పెడతావా?"

"అడిగినోళ్లకు పెడతా." టీవీ ఆపేసి నా వైపు తిరిగాడు. ఈసారి చూపులో మర్యాద తగ్గింది. "మీ లాయర్ ఎవరన్నారు?"

అబద్ధం చెప్పి ఉండాల్సింది. ఆ గుత్తి నా కంట పడిన సంతోషంలో నోరు జారింది. "వెంకటరమణ తరఫు లాయరే," అన్నాను. అతను నవ్వాడు. రేపు కొనేటప్పుడు తనను కూడా పిలవమన్నాడు.

పుంగనూరు సీఐ దేవేంద్ర గుంటూరు వైపు మనిషి. బదిలీ మీద వచ్చి మూడు నెలలైంది. ఈ కేసు ఛేదించినందుకు ఎస్పీ గారు భుజం తట్టారట. ఆ భుజం ఇంకా దించలేదు. స్టేషన్ వరండాలో కృష్ణమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. నేను ఆగకుండా లోపలికి వెళ్లిపోయాను. ఆగితే ఏం చెప్పాలో నాకే తెలియదు.

"రండి అర్చన గారూ. ఇవాళ ఎవరిని విడిపించడానికొచ్చారు?"

"మిమ్మల్నే సార్. తప్పుడు కేసులోంచి."

ఆయన ముఖం ముడుచుకుంది. "శివకుమార్ గురించే అయితే కూర్చోకండి. డాక్టరు చెప్పిన వేళ నాలుగుకీ ఆరుకీ మధ్య. అప్పుడతను కుప్పంలో ఉన్నాడు. పదకొండు మంది చూశారు."

"ఎక్కడ చూశారు?"

"రిసెప్షన్‌లో. స్టేట్‌మెంట్లున్నాయి."

"రిసెప్షన్ ఎప్పుడు సార్?"

"పెళ్లి అయ్యాక. ఇంకెప్పుడు? తెల్లారి పెళ్లి, ఆ తర్వాత రిసెప్షన్. ఉదయం నుంచీ అక్కడే ఉన్నాడన్న మాట."

వెనక నిలబడ్డ కానిస్టేబుల్‌కు దగ్గొచ్చింది. నవ్వును మింగితే వచ్చే దగ్గు అది.

"మీ వైపు పెళ్లయ్యాక సార్. ఈ కర్ణాటక బార్డర్‌లో రిసెప్షన్ ముందురోజు రాత్రే అయిపోతుంది. అందరూ వచ్చి, ఫొటోలు దిగి, తిని పోతారు. తెల్లారి ముహూర్తానికి ఉండేది సొంతవాళ్లే. మీ పదకొండు మంది అతన్ని చూసింది రామమూర్తి ఇంకా బతికుండగా."

దేవేంద్ర కానిస్టేబుల్ వైపు చూశాడు. కానిస్టేబుల్ కిటికీ వైపు చూశాడు.

"సీడీ మీరు చూశారా?" అన్నాను.

"హెడ్ చూశాడు. ముహూర్తం మొత్తం ఉంది దాన్లో. అది చాలదా?"

"ముహూర్తం ఉంది. తీసినవాడు లేడు. వీడియో తీసేవాడు ఎవరి పెండ్లి వీడియోలోనూ ఉండడు సార్."

క్రికెట్ కోసం తెప్పించుకున్న టీవీ ఒకటి స్టేషన్‌లో ఉంది. దానికి సీడీ పెట్టించాను. తాళి కట్టాక, ముహూర్తం ముగిసి భోజనాలు మొదలయ్యే చోటు కోసం ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు తిప్పాను. రోజాల గుత్తి ఒక్క రెప్పపాటు ముందు పోయింది. బొమ్మ ఒక్క రెప్పపాటు ఆలస్యంగా మారింది. ఆ సందులో ఆపాను.

పూలు ఉన్న చోట, ఎడమ మూలన, చిన్న బ్యాటరీ గుర్తు. దాని పక్కన చిన్న త్రికోణం.

"ఏంటది?" దేవేంద్ర లేచి టీవీ దగ్గరికి వచ్చాడు.

"మా చెల్లెలి మొగుడు కువైట్ నుంచి ఒక సీడీ కెమెరా తెచ్చాడు. దాన్ని టీవీకి తగిలించి చూస్తే ఇదే గుర్తు ఇదే మూలన కనపడుతుంది. కెమెరా తనలో ఉన్న బొమ్మను టీవీకి వేసి చూపిస్తోందని దానర్థం. శివకుమార్ టేపు కెమెరాకు ఆ అవసరం లేదు. వైరు పెడితే బొమ్మ నేరుగా కంప్యూటర్‌లోకి పోతుంది, ఈ గుర్తులేవీ రావు. రిసెప్షన్‌లో లేవు, భోజనాల్లో లేవు. ముహూర్తంలో మాత్రమే ఉన్నాయి. అంటే ముహూర్తం తీసింది వేరే కెమెరా. అతని కంప్యూటర్‌లోని పాత సాఫ్ట్‌వేర్ తీసుకోని సీడీ కెమెరా. అందుకని దాన్ని టీవీకి ఆడించినట్లు ఆడించి, ఆడుతున్నదాన్ని టేపులోకి పట్టి, ఆ టేపును కంప్యూటర్‌లో వేశాడు. గుర్తులు కూడా వచ్చేశాయి. వాటి మీద పూలు పెట్టాడు."

దేవేంద్ర ఆ త్రికోణాన్ని వేలితో ఒకసారి తాకి చూశాడు. నేను గెలిచాననుకున్నాను.

"కొత్త కెమెరా కొనుక్కుని ఉంటాడు," అన్నాడు దేవేంద్ర కుర్చీలోకి వెళ్లి.

"కొనలేదట. అలాంటిది చేత్తో కూడా పట్టుకోలేదని ఇప్పుడే నాతో అన్నాడు."

"మీతో అన్నాడు. కోర్టుతో అనలేదు. రోజాపువ్వు చూసి కేసు కొట్టేయమంటే జడ్జిగారు నన్ను పూలు కట్టుకోమంటారు." గొంతు తగ్గించాడు. "చూడండి. ఆ కెమెరా పట్టుకున్న మనిషిని తెచ్చి నా ముందు నిలబెట్టండి. నేనే వెనక్కి తగ్గుతాను. రేపు పదిలోపు రాకపోతే చార్జిషీట్ పోతుంది. ఎస్పీ గారికి మాటిచ్చాను."

ఒకరి ప్రాణం కంటే ఎస్పీకిచ్చిన మాట బరువైపోయింది! నాకు ఒళ్లు మండింది. తలుపు దగ్గర ఆగి చెప్పాను. "ఆ రిసెప్షన్ సంగతి మాత్రం చార్జిషీట్‌లో దిద్దుకోండి సార్. కుప్పం కోడళ్లు నవ్వుతారు."

వరండాలో కృష్ణమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏమన్నా ఆశ ఉండాదా మేడం?"

"ఉండాదమ్మా," అన్నాను. అన్న తర్వాత భయం వేసింది.

కుప్పంలో పెండ్లికూతురి తండ్రి మల్లప్పది కిరాణా అంగడి. బెల్లం తూకం వేస్తూనే మాట్లాడాడు.

"రిసెప్షన్‌కు శివకుమారే వచ్చినాడమ్మా. ముహూర్తానికి ఇంకొకాయప్ప. వాళ్లల్లో అది మామూలే గదా. మంచి ముహూర్తం వస్తే ఒకడే రెండు పెండ్లిండ్లు ఒప్పుకుంటాడు, ఒకదానికి వేరేవాణ్ణి తోలుతాడు. తాళి కట్టే గంటలో యాడ పోట్లాడేది? మళ్లా భోజనాల టయానికి శివకుమారే వచ్చినాడు, పెద్ద కెమెరా ఎత్తుకోని."

"ముహూర్తానికి వచ్చినాయప్ప కెమెరా ఎట్ల ఉండింది?"

"అరిచేయంత. మా అమ్మ అయితే, ఇది కెమెరానా పిల్లోళ్ల ఆటబొమ్మనా అని అడిగేసింది. పాపం, ఆయప్ప మొగం సిన్నబోయింది."

"ఇదంతా పోలీసులకు యాల చెప్పలేదు?"

"వాళ్లు అడిగింది రిసెప్షన్ సంగతి. శివకుమార్ రిసెప్షన్‌లో ఉండాడా అన్నారు. ఉండాడన్నాం. అడగనిది మనకేల?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఆ చిన్న కెమెరా ఆయప్ప పేరు?"

"మునెప్ప. వి.కోటలో బస్టాండు ఎనక ఉంటాడు." మల్లప్ప బెల్లం పొట్లం కట్టి దారం తెంచాడు. "ఏమమ్మా, ఈ దినం అందరికీ ఆయప్ప మీదనే పడింది కండ్లు? పొద్దున శివకుమార్ కూడా ఫోన్ చేసినాడు. ఎవరో ఒకామె వచ్చి ముహూర్తం కెమెరా గురించి అడుగుతాది, నేనే తీసినానని చెప్పండి, ల్యాకపోతే నా గిరాకీ పోతాదని."

"ఎప్పుడు చేసినాడు?"

"పూజ చేస్తా ఉండినా. పదీ పదిన్నర."

నేను అతని స్టూడియో మెట్లు దిగింది పదింటికి. ఆ తర్వాత స్టేషన్‌లో టీవీ ముందు కూర్చుని నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ తర్వాత కుప్పం బస్సులో వి.కోట మీదుగానే వచ్చాను, మునెప్ప ఇంటికి రెండు వీధుల అవతల టీ కూడా తాగాను.

షేర్ ఆటో కోసం ఆగలేదు. జీపు మాట్లాడుకుని వి.కోట చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. బస్టాండు వెనక రేకుల ఇల్లు, ముందు గదిలో స్టూడియో. గోడకు నీలం తెర, మూలన దుప్పటి కప్పిన కంప్యూటర్. మునెప్ప భార్య మునిలక్ష్మి గుమ్మంలో కూర్చుని కనకాంబరాలు కడుతోంది.

"ఆయన లేడక్కా. శివకుమారన్న వచ్చి పిల్చుకోని పోయినాడు."

"యాడికి?"

"మదనపల్లెకి. కెమెరా మార్చుకునేదానికి." ఆమె ముఖంలో ఎంతో కాలానికి వచ్చిన వెలుగు కనపడింది. దాన్ని చూడలేకపోయాను. "మేం మోసపోయినాం అక్కా. కొత్త రకమని ఆ సీడీ కెమెరా కొన్నాడు మా ఆయన. అది మా కంప్యూటర్‌కు ఎక్కనే ఎక్కలేదు. రెండూ పాడైపోయినట్లే అయిపాయ. మిక్సింగ్‌కు శివకుమారన్న కాళ్లే పట్టుకోవల్ల. ఆయన పిలిచిన పెండ్లికంతా పోవల్ల, నేను తీసినానని ఎవురికీ చెప్పకూడదు. ఇంత కాలానికి ఆయప్పకే దయ పుట్టింది. ఎవరో టేపు కెమెరా అమ్ముతా ఉండారంట, మీ కెమెరా ఇచ్చి అది తీసుకుందాం రా అన్నాడు."

"కెమెరా తీసుకుపోయినారా?"

"కెమెరా, బిళ్లలు, అన్నీ. కుప్పం పెండ్లి బిళ్ల యాడుండాదని ఆయనే అడిగి ఎతికించినాడు. పాతవి అన్నీ ఇస్తేనే మారుస్తారంట."

సాక్షి, సాక్ష్యం ఒకే బండి మీద వెళ్లిపోయాయి. వెంకటరమణను బయటికి తేగల మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. అతని ఇంటి దారి హంతకుడికి గుర్తు చేసింది నా నోరే.

"ఎంతసేపైంది?"

"అన్నం తినేసి పోయినారు. ఇంకా గంట కాలేదు."

"ఏ దారిన పోయినారు మునిలక్ష్మీ? పలమనేరు దారినేనా?"

ఆమె పూలమాల పక్కన పెట్టింది. "మదనపల్లెకంటే ఆ దారినే పోవల్ల గదా. వాళ్లు ఇట్ల తిరిగినారు, అడివి పక్కకి. పెట్రోలుకేమో అనుకుంటి."

అటువైపు పెట్రోలు బంకు లేదు. కర్ణాటక సరిహద్దు దాకా బండలు, చింతచెట్లు, ఎండిపోయిన బోర్లు తప్ప ఏమీ లేవు.

ఫోన్ తీశాను. దేవేంద్ర రెండో రింగుకే ఎత్తాడు.

"సార్, మీరడిగిన మనిషి దొరికాడు. పేరు మునెప్ప, వి.కోట. కానీ మనిషి ఇక్కడ లేడు. శివకుమార్ బండి ఎక్కించుకుని అడవి దారిన తీసుకుపోయాడు. కెమెరాతో సహా."

వెటకారం వస్తుందనుకున్నాను, రాలేదు. "ఎక్కడికని చెప్పి?"

"కెమెరా కొనిస్తానని."

"కొనడానికే వెళ్లి ఉండొచ్చుగా?"

"ఈరోజు అమావాస్య సార్! అంగడికి పోయి చూసేది కూడా చూడనని పొద్దున నా ముఖం మీద చెప్పిన మనిషి, మధ్యాహ్నం ఇంకొకరికి కెమెరా కొనిస్తానని తీసుకుపోతాడా?"

అవతల కుర్చీ వెనక్కి జరిగిన శబ్దం వచ్చింది. ఎవరినో జీపు తీయమని అరిచాడు. తర్వాత నాతో, మొదటిసారిగా మామూలు గొంతుతో అన్నాడు. "బండి నంబర్ చెప్పండి. వి.కోట స్టేషన్‌కి నేను ఫోన్ చేస్తాను. మీరు అక్కడే ఉండండి."

నంబర్ నాకు తెలియదు. మునిలక్ష్మిని అడుగుదామని తిరిగాను. ఆమె లేచి నిలబడి ఉంది. ఒడిలోని కనకాంబరాలు గుమ్మం నిండా చెదిరిపోయాయి. నేను ఫోన్‌లో చెప్పిన మాటల్లో ఆమెకు ఎన్ని అర్థమయ్యాయో తెలియదు. నా ముఖం వైపే చూస్తూ, నెమ్మదిగా అడిగింది.

"ఏమైందక్కా? టేపు కెమెరా కూడా మా కంప్యూటర్‌కు కుదరదా?"